ఫీజు కట్టేశాం కాబట్టి

బాక్సింగ్ నేర్చుకుందామని నేనెప్పుడూ అనుకోలేదు. అనుకున్నది మా పాప. ఆరో తరగతి పరీక్షలయ్యాక సెలవుల్లో యూట్యూబ్‌లో నిఖత్ జరీన్ ఫైట్ చూసింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయిలాండ్ అమ్మాయిని 5-0తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయిన ఫైట్. ఇక ఆ వారమంతా మా ఇంట్లో దిళ్లకు మనశ్శాంతి లేదు. "నాన్నా, నిజామాబాద్ అమ్మాయట. మన వైజాగ్‌లో కూడా ట్రైనింగ్ తీసుకుందట తెలుసా?" అని అడిగింది. నాకు తెలీదు. తర్వాత చూస్తే నిజమే. 2009లో ఇక్కడి సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో, ద్రోణాచార్య అవార్డు అందుకున్న ఐ. వెంకటేశ్వరరావు గారి దగ్గర నేర్చుకుంది. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగి, ఈ ఊళ్లోనే ఉద్యోగం చేస్తున్న నాకు ఆ సంగతి పదకొండేళ్ల పిల్ల చెబితే తెలిసింది.

సరే, పిల్ల ముచ్చట పడుతోంది కదా అని వాకబు చేస్తే, మా కాలనీకి రెండు కిలోమీటర్ల దూరంలో ఒక కమ్యూనిటీ హాలు వెనక రేకుల షెడ్డులో పొద్దున్నే క్లాసులు జరుగుతాయని తెలిసింది. మూడు నెలలకు 4,500 రూపాయలు. గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది: "కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు." ఆ అక్షరాల్ని నేను అప్పుడే సీరియస్‌గా తీసుకుని ఉండాల్సింది.

పాప పదిహేడు రోజులు వెళ్లింది. పద్దెనిమిదో రోజు దుప్పట్లోంచి తల బయటపెట్టకుండానే చెప్పింది. "రోజూ తాడాటే ఆడిస్తున్నారు నాన్నా. ఎవర్నీ కొట్టనివ్వట్లేదు." స్విమ్మింగ్‌లో చేరతానంది. ఇంకా రెండు నెలల పైచిలుకు ఫీజు అక్కడ మూలుగుతోంది. నేను షెడ్డుకెళ్లి బతిమాలి చూశాను. మాస్టారు ఏమీ అనలేదు, గోడ వైపు చూపించారంతే.

ఇంటికొచ్చి లెక్క చెబితే మా ఆవిడ అంది, "పోనీ మీరెళ్లండి. ఎలాగూ మార్నింగ్ వాక్ పేరు చెప్పి టిఫిన్ సెంటర్ దాకా వెళ్లొస్తున్నారుగా."

ఆవిడ ఆ మాట సరదాకే అంది. కానీ నేను ఒక షిప్పింగ్ ఏజెన్సీలో పద్దులు రాసే మనిషిని. కట్టేసిన డబ్బు వృథాగా పోవడమంటే నాకు రాత్రి నిద్ర పట్టదు. పైగా అప్పటికి నా బరువు 86 కిలోలు, వయసు నలభై మూడు. మూడు నెలల సగటు షుగర్ 6.2 వచ్చిందని, "బార్డర్‌లో ఉన్నారు, ఇటువైపే ఉండండి" అని డాక్టరు గారు ఏప్రిల్‌లోనే చెప్పారు. మర్నాడు ఐదున్నరకి షెడ్డు ముందు నిలబడ్డాను.

"ఏటి బాబూ, పాప రాలేదా?"

"పాప బదులు నేనొచ్చాను సార్."

మాస్టారికి అరవై దాటి ఉంటాయి. వయసులో ఉండగా పోర్టు తరఫున ఆడిన మనిషి. ముక్కు కాస్త ఎడమ పక్కకి ఒరిగి ఉంటుంది. ఆయన నన్ను పైనుంచి కిందికి, ఫిషింగ్ హార్బర్‌లో వంజరం మొప్ప ఎత్తి చూసినట్టు చూశారు.

"పోటీకా, పొట్టకా?"

"పొట్టకే సార్."

"మంచిది. నలభై దాటినోళ్లని పోటీల్లో ఎలాగూ ఆడనివ్వరు. నీకు ఆ టెన్షన్ లేదు. తాడు తీసుకో."

ఆ తాడు సంగతి ఎక్కువ చెప్పను. మొదటి రోజు నేను వరసగా గెంతింది నాలుగు. ఐదోది మడమకు తగిలింది. నా చుట్టూ ఇరవై మంది పిల్లలు, ఎక్కువ మంది చేపల వేట వాళ్లుండే జాలారిపేట వైపు నుంచి వచ్చేవాళ్లు, తాడు కంటికి కనపడనంత వేగంగా గెంతుతున్నారు. నా తాడు మాత్రం అందరికీ స్పష్టంగా కనిపిస్తోంది.

అది జూన్ మొదటి వారం. సముద్రంలో వేట నిషేధం ఇంకా ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు కదలవు కదా, ఆ రోజుల్లో ఆ పిల్లల నాన్నలు కొందరు తెల్లవారుజామునే వచ్చి షెడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చుంటారు. బీడీ ఒకరిది, వ్యాఖ్యానం అందరిదీ. నేను వెళ్లిన మొదటి పది రోజులూ వాళ్లకు మంచి కాలక్షేపం దొరికింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ ఊరికీ బాక్సింగ్‌కీ చుట్టరికం పాతది. ప్రపంచ పోటీల్లో 2008లో రజతం గెలిచి, 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్న నగిశెట్టి ఉష విశాఖ అమ్మాయే. పోర్టులు, రైల్వే, నేవీ లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలుంటాయి. ఒక సర్టిఫికెట్, ఒక పతకం ఉంటే ఇంటి దశ తిరుగుతుంది. ఈ షెడ్డులో పిల్లలు ఐదింటికే వచ్చి చెమటలు కక్కడానికి సగం కారణం అదే. వాళ్లది పొట్ట నింపుకునే ప్రయత్నం, నాది పొట్ట తగ్గించుకునే ప్రయత్నం. ఒకే షెడ్డులో, ఒకే తాడు మీద.

గ్లవ్స్ కంటే ముందు బ్యాండేజీలు. దెబ్బ తగిలాక కట్టేవి కావు, తగలకుండా కట్టేవి. నూలు పట్టీ, ఒక్కోటి నాలుగున్నర మీటర్లు. అంటే మా ఆవిడ చీర కంటే ఓ మీటరు తక్కువ, అది కూడా చేతికొకటి. నాకు కట్టుకోవడం రాక అవస్థ పడుతుంటే తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడు వచ్చి నా ముందు గొంతుక్కూచున్నాడు. "చెయ్యి ఇటివ్వండి అంకుల్. వేళ్లు బాగా చాపండి."

పట్టీ చివర చిన్న ఉచ్చు ఉంటుంది. అందులో బొటనవేలు దూర్చాడు. అక్కడి నుంచి చేతి వెనక మీదుగా మణికట్టుకు మూడు చుట్లు, పైకి తెచ్చి మెటికల మీద మూడు చుట్లు. తర్వాత చిటికెనవేలికీ ఉంగరపువేలికీ మధ్య సందులోంచి తీసి మళ్లీ మణికట్టుకు, పక్క సందులోంచి మళ్లీ మణికట్టుకు, దాని పక్క సందులోంచి ఇంకోసారి. చేతి వెనక ఇంటూ మార్కులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మిగిలింది మళ్లీ మెటికలకు, ఆఖరి జానెడు మణికట్టుకు. టప్‌మని అతికించాడు. ఒక్కో చేతికి నిమిషం కూడా పట్టలేదు. మధ్యలో ఎక్కడా పట్టీ వంక చూడలేదు కూడా, నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. వలకు ముళ్లు వేసే ఇంట్లో పుట్టిన చేతులవి.

"ఇప్పుడు పిడికిలి బిగించండి."

బిగించాను. నా చెయ్యి నా చెయ్యిలా లేదు. వేళ్లన్నీ కలిసి ఒకే వస్తువయ్యాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కీబోర్డు మీద విడివిడిగా తిరిగే వేళ్లు. కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. "అంకుల్, రెండో చెయ్యి" అన్నాడు.

ఈ బ్యాండేజీలతో మా ఇంట్లో జరిగిన గొడవ వేరు. చెమటకి రోజూ ఉతకాలి. వాషింగ్ మెషిన్‌లో మిగతా బట్టలతో కలిపి వేశానొకసారి. తీసి చూస్తే రెండు పట్టీలు, మా ఆవిడ చున్నీ, పాప స్కూలు టై, అన్నీ జడ అల్లినట్టు అల్లుకుపోయి ఉన్నాయి. అప్పటినుంచి వాటి ఉతుకుడు నాదే, బకెట్లో. గ్లవ్స్‌ని ఉతకలేం కదా, వైజాగ్ ఉక్కకి అవి మూడు వారాల్లోనే ఎండుచేపల కొట్టు వాసన వచ్చాయి. లోపల పేపరు ఉండలు కుక్కి బాల్కనీలో పెడుతున్నాను. ఇంట్లోకి ప్రవేశం లేదు.

నిలబడటం నేర్చుకోవడానికే నాలుగైదు రోజులు పట్టింది. కుడిచేతి వాటం వాళ్లకి ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక, వెనక మడమ నేలకు ఆనకూడదు. గడ్డం కిందికి. చేతులు బుగ్గల దగ్గర. ఈ ఐదు పనులూ ఒకేసారి చెయ్యాలి. నేను గడ్డం దించితే చేతులు దిగేవి. చేతులు ఎత్తితే మడమ ఆనేది. "సెయ్యి పైకి! సెయ్యి పైకి!" అని మాస్టారు రోజుకి ఎన్నిసార్లు అరిచేవారో. ఆ మాట ఎంతగా ఒంటబట్టిందంటే, ఒకరోజు ఆఫీసులో ఎవరో పక్క సీటు వాళ్లని "అది పైకెత్తు" అంటే నా రెండు చేతులూ బుగ్గల దగ్గరికి వెళ్లిపోయాయి.

ఆ తర్వాత జాబ్. ముందున్న చెయ్యి తిన్నగా వెళ్లి తిన్నగా వెనక్కి రావాలి. అంతే. ఆ అంతేలోనే ఉంది తంటా అంతా. మనం పుట్టినప్పట్నుంచీ చూసిందంతా సినిమా పంచ్. హీరో చెయ్యి వెనక్కి తీసుకెళ్లి, భుజం మీదుగా గుండ్రంగా తిప్పి, విలన్ రెడీ అయ్యాక కొడతాడు. వచ్చే వారం వస్తున్నామని ఉత్తరం రాసి మరీ వచ్చే చుట్టాల్లాంటి పంచ్ అది. ఇక్కడ ఉత్తరం రాయకూడదు. భుజం కదలకూడదు, ముఖంలో తెలియకూడదు. నేను కొట్టబోయే ముందు ప్రతిసారీ పళ్లు బిగించేవాణ్ని. మేం కొట్టడానికి చేతులకి మెత్తటి ప్యాడ్స్ తొడుక్కుని నిలబడే మాస్టారు ప్రతిసారీ ప్యాడ్ పక్కకి తీసేవారు. నా 86 కిలోలూ గాల్లోకి వెళ్లేవి.

రైట్ చెయ్యి మరీ ఘోరం. ఎంత బలంగా కొట్టినా వేలాడదీసిన పంచింగ్ బ్యాగ్ కదిలేది కాదు. నా చెయ్యి మాత్రం భుజం దాకా అదిరేది. మాస్టారు నడుం తిప్పమనేవారు. నేను నడుం తిప్పుతున్నాననే అనుకునేవాణ్ని. అప్పుడు పిట్టగోడ మీద నుంచి ఒకాయన దిగొచ్చాడు. నాకు బ్యాండేజీలు కట్టే కుర్రాడి తండ్రి.

"బాబూ, విసురు వల ఎప్పుడైనా ఏసావా?"

లేదన్నాను.

"సేత్తో ఏస్తే వల ఇచ్చుకోదు. ముద్దలాగ పడతాది. ఎనక కాలితో ఏయాల." అని, చేతిలో వల ఉన్నట్టే నిలబడి, వెనక మడమ నేల మీద మెలితిప్పి, ఆ మెలి తుంటిలోకి, తుంటి లోంచి భుజంలోకి పాకి, చివరికి చెయ్యి దానంతటదే విసిరినట్టు వెళ్లింది. లేని వల గుండ్రంగా విచ్చుకోవడం నాకు కనిపించింది. నిజం.

మాస్టారు బ్యాగ్ పట్టుకుని, "అదే నే సెప్తన్నది నాలుగు రోజుల నుంచి" అన్నారు, కాస్త ఉక్రోషంగా. నేను మడమ తిప్పి కొట్టాను. అప్పటిదాకా నా దెబ్బకి తప్ తప్‌మనే బ్యాగ్ దబ్‌మంది. ఒక్కసారే. తర్వాతి పది దెబ్బలూ మళ్లీ తప్ తప్. కానీ ఆ దబ్ చప్పుడు ఆ రోజంతా చెవిలో ఉండిపోయింది. జూన్ 15న బోట్లు వెళ్లిపోయాయి, పిట్టగోడ ఖాళీ అయింది. మళ్లీ నాకు అంత బాగా ఎవరూ చెప్పలేదు.

రౌండు మూడు నిమిషాలు, మధ్యలో ఒక నిమిషం విశ్రాంతి. పోటీల్లో ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా అవి మూడు రౌండ్లు. మొత్తం కలిపినా తొమ్మిది నిమిషాల ఆటేనా అని నేను టీవీ ముందు కూర్చుని అనుకునేవాణ్ని. మూడు నిమిషాలంటే ఏమిటో మీకు తెలియాలంటే, ఉత్త చేతులతోనే, గాల్లోనే, ఆగకుండా కొట్టి చూడండి. మొదటి నిమిషం బాగుంటుంది. రెండో నిమిషంలో భుజాల మీద ఎవరో నీళ్ల బిందెలు పెడతారు. మూడో నిమిషంలో గడియారం పాడైందని నాకు గట్టి నమ్మకం. ఊపిరి బిగబట్టడం వల్ల అలా అవుతుందట. ప్రతి దెబ్బకీ ముక్కులోంచి 'ష్' అని వదలాలి. మొదట్లో సిగ్గేసింది. ఇప్పుడు కొబ్బరికాయ కొట్టేటప్పుడు కూడా 'ష్' అంటున్నానని మా అమ్మ ఫిర్యాదు.

జూలైలో మా బామ్మర్ది వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోడు కదా, "బావా, బాక్సింగంటున్నారు, ఏదీ ఒకటి చూపించండి" అన్నాడు. వాణ్ని షెడ్డుకు తీసుకెళ్లాను, ఆదివారం, మాస్టారు లేని టైం చూసి. బ్యాండేజీలు ఇంట్లో ఉన్నాయి. ఒక్క దెబ్బకి బ్యాండేజీ ఎందుకులే అనుకుని ఉత్త చేత్తో బ్యాగ్ మీద రైట్ కొట్టాను. బామ్మర్ది ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. దెబ్బ తగలాల్సింది చూపుడువేలు, మధ్యవేలు మెటికల మీద. నాది తగిలింది చిటికెనవేలి పక్క. మణికట్టు లోపలికి మడతపడింది. వీడియోలో దెబ్బ చప్పుడు కంటే నా అరుపే బాగా వినిపిస్తుంది. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో అది ఇంకా తిరుగుతూనే ఉంది.

ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు, బెణుకే. చిటికెనవేలి వెనకుండే ఎముక విరిగితే దానికి 'బాక్సర్స్ ఫ్రాక్చర్' అనే పేరుంది గానీ, దాంతో వచ్చేవాళ్లలో నిజం బాక్సర్ల కంటే కోపం వచ్చి గోడలు గుద్దేవాళ్లే ఎక్కువని డాక్టరు గారు నవ్వారు. మీరే కోవ అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మరో మాట మాత్రం నవ్వకుండా చెప్పారు. ఈ వయసులో చేతులు కాళ్లు ఎంతైనా ఆడించు, తలకి మాత్రం గట్టి దెబ్బలు తిననే కూడదు. హెడ్‌గార్డ్ ఉందిగా అన్నాను. అది చర్మం చిట్లకుండా చూస్తుంది తప్ప లోపల మెదడు కదలకుండా పట్టుకోలేదన్నారు. నిజానికి మగవాళ్ల పోటీల్లో 2013లోనే దాన్ని తీసేశారు, 2016 రియో ఒలింపిక్స్‌లో వాళ్లు అది లేకుండానే ఆడారు.

మాస్టారి రూలు కూడా అదే. పెద్దవాళ్లకి టచ్ మాత్రమే. తాకించాలి, కొట్టకూడదు. కానీ ముందు నా చెయ్యి చూసి ఆయన రెండు వారాలు నాతో మాట్లాడలేదు. చెయ్యి బాగయ్యేదాకా వచ్చి తాడు మాత్రమే గెంతమని ఒక్క మాట అన్నారంతే. అలా తాడు వచ్చేసింది నాకు. ఆగస్టు నాటికి వరసగా రెండొందలు.

మౌత్‌గార్డ్ కొన్నది అప్పుడే. వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక నోట్లో పెట్టుకుని కొరికితే మన పళ్ల అచ్చు పడుతుంది. నేను టీ గిన్నెలో నీళ్లు మరిగించి చేశాను. ఆ గిన్నె ఇప్పుడు బాల్కనీలో గ్లవ్స్ పక్కనే ఉంది. అందులో తులసి మొక్క పెట్టింది మా ఆవిడ.

ఇంతవరకూ చెప్పిందంతా ఒళ్లు వంగితే వచ్చే విద్య. నాకు రానిది వేరే ఉంది. కళ్లు.

ముఖం మీదికి ఏదొచ్చినా నా కళ్లు మూసుకుపోతాయి. అందరికీ రెప్ప పడుతుంది, అది సహజం. నాది రెప్ప పడటం కాదు. కళ్లు బిగించి, మెడ భుజాల్లోకి లాక్కుని, ఎడమ బుగ్గ పక్కకి తిప్పేస్తాను. మాస్టారు ప్యాడ్‌తో నా గార్డ్, అంటే ముఖానికి కాపుగా ఎత్తిన చేతులు, ఎక్కడుందో చూడ్డానికి ఊరికే ముఖం వైపు ఊపేవారు. ప్రతిసారీ ఇదే వరస. రెండోవారంలోనే పట్టేశారాయన. ఆ వారం నాలుగో రోజు ప్యాడ్ దించి దగ్గరికొచ్చి, ఎవరూ వినకుండా అడిగారు.

"సిన్నప్పుడు ఎవలేనా కొట్టీవోరా బాబూ?"

ఎడమ బుగ్గ. మా వైజాగ్ పాతబస్తీలో లెక్కల ట్యూషన్, ఏడో తరగతి నుంచి టెన్త్ దాకా. ఆయన కుడిచేతి వాటం మనిషి కాబట్టి ఎడమ బుగ్గ. లెక్క తప్పితే ఒకటి, తప్పెందుకైందో చెప్పలేకపోతే ఇంకొకటి. వరసలో నా వంతు వచ్చేముందు పక్కవాడికి పడే చప్పుడు వినిపించేది. అప్పుడే కళ్లు మూసుకునేవాణ్ని. ఇంట్లో చెబితే "లెక్కలు రావాలా వద్దా" అన్నారు. వచ్చాయి. ఆ లెక్కలతోనే ఇవాళ ఉద్యోగం చేస్తున్నాను. మొన్నటిదాకా నేను కూడా ఆ మాట గర్వంగానే చెప్పుకునేవాణ్ని, "అలా కొట్టబట్టే బాగుపడ్డాం" అని. ముప్ఫై ఏళ్ల తర్వాత రేకుల షెడ్డులో మెత్తటి ప్యాడ్ ఊపితే నా మెడ దానంతటది తిరిగిపోతుంటే, ఇక ఆ మాట నోటికి రావడం లేదు.

మాస్టారికి ఇదంతా చెప్పలేదు. "ట్యూషన్ సార్" అన్నానంతే. ఆయనకి అర్థమైంది. "కళ్లు మూసుకుంటే దెబ్బ ఆగదు బాబూ. ఒకటి తగిలేకాడ మూడు తగుల్తాయి" అని, ఇంటి దగ్గర చెయ్యడానికి ఒక పని చెప్పారు. ఎవరి చేతైనా బంతి లాంటిది మెత్తగా ముఖం మీదికి విసిరించుకోవాలి. ఇరవై సార్లు. కళ్లు తెరిచి.

మా ఇంట్లో బంతి లేదు. సాక్సులున్నాయి. ఉండలు చుట్టిన సాక్సులు. పాప మూడు అడుగుల దూరంలో నిలబడి విసిరేది, నేను గోడకి ఆనుకుని గార్డ్ ఎత్తి నిలబడేవాణ్ని. మొదటి రోజు ఇరవైకి ఇరవై సార్లూ మూశాను. పాప ఫ్రిజ్ మీద పేపరు అంటించి లెక్క రాయడం మొదలుపెట్టింది. ఇరవై. ఇరవై. పందొమ్మిది (ఆ ఒక్కటీ సాక్సు పక్కకి పోయింది కాబట్టి). వారం తర్వాత మా ఆవిడ కూడా వరసలోకి వచ్చింది. ఆవిడ విసురులో మెత్తదనం తక్కువ. "ఇది పెళ్లిలో మీ పిన్ని అన్న మాటకి" అంటూ ఒకటి, "ఇది గ్యాస్ బుక్ చెయ్యమంటే మర్చిపోయినందుకు" అంటూ ఇంకొకటి. నవ్వుతూ ఉంటే కళ్లు మూసుకోవడం కష్టమని నాకు అప్పుడే తెలిసింది. ఆగస్టు ఆఖరికి ఫ్రిజ్ మీద అంకె పదకొండుకి దిగింది.

ఈలోగా మూడు నెలల ఫీజు అయిపోయింది. నేను ఇంట్లో చెప్పకుండా ఇంకో మూడు నెలలకి కట్టేశాను. ఫోన్‌పే హిస్టరీలో 4,500 చూసి మా ఆవిడ ఏమీ అనలేదు. పాప మాత్రం, "నాన్నా, ఇప్పుడు నువ్వు మానేస్తే నేను వెళ్లాలా?" అని భయంగా అడిగింది.

సెప్టెంబరులో మాస్టారు నన్ను మొదటిసారి స్పారింగ్‌కి, అంటే ఎదురుగా మనిషితో సాధనకి, నిలబెట్టారు. ఎదురుగా ఇంటర్ చదివే అమ్మాయి. యాభై కిలోలుంటుందేమో, రాష్ట్ర స్థాయిలో ఆడింది. ఇద్దరికీ పదహారు ఔన్సుల గ్లవ్స్, హెడ్‌గార్డ్. రెండు నిమిషాలు, జాబ్ ఒక్కటే. "నువ్వు మెల్లగా తాకించమ్మా" అని ఆ అమ్మాయికి చెప్పి, నా వైపు తిరిగి, "నువ్వు నీ ఓపికంత గట్టిగా కొట్టు బాబూ. తగిలితే కదా" అన్నారు.

నాకు సంకోచం. ఆడపిల్ల, పైగా మా పాప కంటే ఆరేళ్లు పెద్దదంతే. గంట మోగింది. ఆ సంకోచం మూడు సెకన్లు కూడా ఉండలేదు. ముక్కు మీద ఏదో మెత్తగా తాకింది. మళ్లీ తాకింది. నేను కొట్టిన చోట ఆ అమ్మాయి ఉండదు, నేను చూడని చోట ఉంటుంది. చూస్తే కదా, సగం సేపు కళ్లు మూసుకునే ఉన్నాను. పక్కనుంచి పిల్లలు "అంకుల్ కళ్లు! అంకుల్ కళ్లు!" అని అరుపులు. రెండు నిమిషాల్లో నా దెబ్బ ఒక్కటీ తగల్లేదు. ఆ అమ్మాయివి ఎన్ని తగిలాయో లెక్కపెట్టలేదు, నా వృత్తికి అది అవమానమే. చివర్లో మౌత్‌గార్డ్ తీసి, "ఊపిరి వదలండి అంకుల్, బిగబట్టేస్తున్నారు" అని చెప్పి, వెళ్లి నీళ్లు తాగింది. ఆ అమ్మాయికి చెమట కూడా పట్టలేదు.

ఆ తర్వాత ప్రతి శనివారం అదే వరస. అదే అమ్మాయి, అవే ఎర్ర గ్లవ్స్, అదే ముక్కు.

మొన్న శనివారం, అది ఏడోసారో ఎనిమిదోసారో, మొదటి నిమిషం అయ్యాక ఎడమ గ్లవ్ నా వైపు వచ్చింది. వస్తుంటే చూశాను. చాలా నెమ్మదిగా వచ్చినట్టనిపించింది, అంత నెమ్మదిగా ఏమీ వచ్చి ఉండదు. గ్లవ్ మీద బొటనవేలి దగ్గర కుట్టు ఊడిపోయి ఉంది. ఊడిన చోట ఎవరో నల్ల దారంతో అడ్డదిడ్డంగా కుట్టారు, ఒక పోగు బయటికి వేలాడుతోంది. రెండు నెలలుగా వారం వారం నా ముక్కుకి తగులుతున్న గ్లవ్ అది. దానికి నల్ల దారం ఉందని నాకు ఇప్పుడే తెలిసింది.

ఆ సంతోషంలో, "అమ్మా, నీ గ్లవ్ కుట్టు..." అనబోయాను. మౌత్‌గార్డ్‌తో అది ఏమని వినిపించిందో గానీ, రెండోది సరిగ్గా ఎడమ బుగ్గ మీద తాకింది.